తడబాటు తప్పనిసరి

యంత్రాలు కథలు రాయడమూ బొమ్మలు గీయడమూ మొదలుపెట్టిన కొత్తలో, రాష్ట్రంలో అన్నం లేనివాడు కనిపించేవాడు, ఇల్లు లేనివాడు కనిపించేవాడు గాని, ఆ సంగతి మీద అభిప్రాయం లేనివాడు మాత్రం కాగడా పెట్టి వెతికినా కనిపించేవాడు కాదు. యంత్రం రాసినది కవిత్వమే కాదని కొందరు, కవులు రాస్తున్నదీ కాదు గనుక పోనిమ్మని కొందరు, ఎవరు రాసినా తాము చదవము గనుక తమకు నష్టం లేదని చాలామంది వాదించారు. టీకొట్టు దగ్గర అంటుకున్న ఆ వాదం క్షౌరశాలలో రాజుకుని, శాసనసభలో భగ్గుమంది. వాదం ముదిరినప్పుడు ప్రభుత్వం ఏం చేస్తుందో అదే చేసింది. ఒక మండలిని వేసింది.

దాని పేరు మానవసృజన ధ్రువీకరణ మండలి. ఇకమీదట సభలో పద్యం చదవాలన్నా, కథ అచ్చు వేయాలన్నా, బొమ్మను గోడకు తగిలించాలన్నా దాని మీద ‘మానవకృతం’ అనే ముద్ర పడాలి. ముద్ర లేనిది యంత్రకృతం. యంత్రకృతమైనది సభకెక్కరాదు.

ఆ మండలిలో ఒక చిన్న ఉద్యోగి ఇందుశేఖరం. మెత్తని మనిషి, మాట పొదుపు. కాలేజీ రోజుల్లో పద్యాలు అల్లేవాడు. మొదటి మూడు పాదాలు మూడు కుందేళ్లలా గంతులు వేస్తూ వచ్చేవి. నాలుగోది మాత్రం పొదలోనే ఉండిపోయేది. అలా మూడు పాదాల పద్యాలు ఒక పెట్టెడు పోగయ్యాక, కవిత్వం తనకు అచ్చిరాలేదని గ్రహించి, పరీక్ష రాసి, ప్రభుత్వోద్యోగంలో కుదురుకున్నాడు. అక్కడ దేనినీ పూర్తి చేయనక్కర్లేదు.

పెళ్లికి ముందు కాబోయే భార్య సౌగంధికి కూడా ధైర్యం చేసి ఒక పద్యం పంపాడు. ఆమె పేరుమోసిన ఒక అవధాని గారి మనుమరాలు. చదివి, “కుర్చీకైనా నాలుగు కాళ్లుండాలి కదండీ,” అని మాత్రం అన్నది. ఆ తరువాత కూడా పెళ్లి చేసుకున్నదంటే అది ఆమె ఔదార్యం.

మండలి ఏర్పడగానే మొదట వచ్చిన చిక్కు, మనిషి చేసినదేదో, యంత్రం చేసినదేదో తెలిసేదెలా అన్నది. రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చిన అభిప్రాయాలను బస్తాలు విప్పి చదివారు. ఒకరు ఔనన్నదాన్ని ఒకరు కాదన్నారు. అన్ని పక్షాలవారూ ఏకకంఠంతో చెప్పిన మాట ఒక్కటే ఒక్కటి దొరికింది: మనిషన్నాక పొరపాటు చేయక మానడు.

డైరెక్టరు నిరంజనమూర్తి గారు ఆ వాక్యాన్ని రెండు చేతులా పట్టుకున్నారు. ఆయన ఇంట్లో కాఫీ అడిగినా కార్యాలయ భాషలోనే అడుగుతారని ప్రతీతి. “సర్వపక్షములకును సమ్మతమైన వాక్యము ఇదియొక్కటే. కావున పొరపాటే మానవత్వమునకు ప్రమాణముగా స్వీకరించబడినది,” అని ప్రకటించారు.

“యంత్రం కూడా పొరపాట్లు చేస్తుందటండీ,” అని ఇందుశేఖరం నెమ్మదిగా అన్నాడు.

“యంత్రము తన అభిప్రాయమును గడువులోగా పంపినదా?”

“లేదండీ.”

“పంపనివారి విషయము పరిశీలనకు రాజాలదు.”

అంతటితో రాష్ట్రంలో తప్పుల యుగం ఆరంభమైంది.

తప్పు లేని కథను మండలి ముట్టుకోలేదు. కథకులు మొదట బెంగపడ్డారు, తరువాత అలవాటుపడ్డారు. మూడో పేజీలో చనిపోయిన మామగారు ఏడో పేజీలో ఫిల్టరు కాఫీ తాగి, చక్కెర తక్కువైందని విసుక్కునేవాడు. అపరాధ పరిశోధన నవలల్లో హంతకుడెవరో చెప్పడం రచయితలు మరచిపోయేవారు. పాఠకులు మొదటిసారిగా హాయిగా నిద్రపోయారు. నాట్యకత్తెలు ఇత్తడి పళ్లెం అంచు మీద నిలిచి ఆడుతూ, ముద్ర కోసం ఒక్కసారి కింద పడి, పళ్లెం తుడుచుకుని మళ్లీ ఎక్కేవారు.

బొమ్మల దగ్గర వ్యవహారం బిగుసుకుంది. దేవతకు చక్కగా అయిదు వేళ్లు గీసిన చిత్రకారుణ్ణి తప్పు లేదని తిప్పిపంపారు. అతడు పోయి ఆరో వేలు అతికించుకుని వచ్చాడు. ముద్ర వేయబోతుండగా ఎవరో, ఆరు వేళ్లు గీసేది యంత్రమేనని గుర్తుచేశారు. వెంటనే వేళ్ల ఉపసంఘం కూర్చుంది. అయిదు వేళ్లు యంత్రసాధ్యము, ఆరు వేళ్లు యంత్రస్వభావము, కావున నాలుగు వేళ్లు మాత్రమే మానవీయము అని తీర్మానించి లేచింది. ఆ ఏడాది క్యాలెండర్లలో లక్ష్మీదేవి నాలుగు వేళ్లతో అభయమిచ్చింది. జనం ఎప్పటిలాగే దణ్ణం పెట్టుకున్నారు.

అప్పుడు యంత్రాలు కూడా తప్పులు నేర్చుకున్నాయి. బుద్ధిగా కూర్చుని, మనుషుల తప్పులన్నీ వల్లెవేసి, చక్కని తప్పులతో చిక్కని కథలు పంపసాగాయి. ముద్ర వేయించుకోవడంలో అవి మనుషులను మించిపోయాయి; ఎందుకంటే తప్పులను కూడా అవి తప్పు లేకుండా చేసేవి.

నిరంజనమూర్తి గారు వెనుకంజ వేసే మనిషి కారు. “కాగితము మీది తప్పును నమ్మరాదు. కంటి ఎదుట జరిగినదే తప్పు,” అని కొత్త ఉత్తర్వు చెప్పసాగారు. ఇందుశేఖరం రాసుకున్నాడు. ‘ప్రదర్శన ముగియులోగా సభయందు కనీసము ఒక తడబాటు సంభవించవలెను. సంభవించినదని పర్యవేక్షకుడు ఎర్రజెండా ఎత్తి ప్రకటించవలెను. సంభవించనిచో ప్రదర్శకుడు యంత్రసమానుడుగా ప్రకటించబడి, ఆజన్మాంతము వేదికకు అనర్హుడగును.’

“తడబాటు ఎవరిదో రాయలేదండీ,” అన్నాడు ఇందుశేఖరం.

డైరెక్టరు జాలిగా చూశారు. “ఉత్తర్వులో ఎవరి పేరూ ఉండరాదు నాయనా. పేరు నాటినచోట బాధ్యత మొలచును. ముప్పదియేండ్లుగా నేనొక పేరు నాటలేదు. చూడుము, ఎంత ప్రశాంతముగా ఉన్నానో.”

ఆ తరువాత పర్యవేక్షకులను నియమించారు. ఇందుశేఖరానికి ఒక ఎర్రజెండా, ఒక ముద్ర ఇచ్చి, మొదటి పనిగా కోనసీమకు వెళ్లమన్నారు. అంబాజీపేటలో ఉప్పులూరి గరుడాచలం గారి అష్టావధానం.

ఇందుశేఖరం జెండాను బల్ల మీద పెట్టేశాడు. “ఆయన మా ఆవిడకు తాతగారండీ.”

“బంధుప్రీతి శుద్ధ మానవలక్షణము. మండలి దానిని ప్రోత్సహించుచున్నది.”

“అది కాదండీ. ఆయన తడబడరు. ఇంతవరకూ ఎప్పుడూ తడబడలేదు.”

నిరంజనమూర్తి గారి ముఖం గంభీరమైంది. “ఆ మాటే మాకును అనుమానము కలిగించుచున్నది,” అన్నారు.

*

అత్తవారింట్లో ఇందుశేఖరానికి పనసపొట్టు కూర, పూతరేకులు, పట్టుపరుపు అన్నీ యథావిధిగా అమిరాయి. ఎర్రజెండాను మాత్రం సౌగంధి గుమ్మం బయటే పెట్టించింది, చెప్పుల పక్కన.

“తాతయ్యకిదే ఆఖరి అవధానమండీ,” అన్నది ఆమె గదిలో. “గొంతు సహకరించటం లేదు, ఈ ఒక్కటీ చేసి చాలిస్తానన్నారు. చాలిస్తే ఆయన చాలించాలిగాని, మీరొచ్చి ఆపకూడదు. మీ జెండా లేవకపోతే ఆయన్ని యంత్రమంటారు. రేపు ఈ ఊళ్లో నేనెవరి మనవరాలినని చెప్పుకోవాలి? రోడ్డు రోలరు మనవరాలిననా?”

“నేనేం చేయను సౌగంధీ. ఆయన తడబడితే చాలు. ఒక్కటంటే ఒక్క తడబాటు.”

“ఆ మాట ఆయనతోనే అనండి చూద్దాం.”

అనడానికి ఇందుశేఖరానికి నోరు రాలేదు. సౌగంధే అన్నది. వీధి అరుగు మీద కూర్చున్న గరుడాచలం గారు మనుమరాలు చెప్పినదంతా సావధానంగా విన్నారు. ఎండిన తామరకాడలా సన్నని మనిషి, కళ్లలో మాత్రం చిలిపితనం ఆరలేదు. కోప్పడతారనుకుంటే, కొత్త ఛందస్సు గురించి విన్నట్టు ముచ్చటపడ్డారు.

“తడబాటా. అదొక్కటీ నేర్చుకోలేదమ్మా నేను. నువ్వు నేర్పితే నేర్చుకుంటాను.”

సౌగంధి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. “చాలా తేలిక తాతయ్యా. పద్యం మొదలెట్టి, మధ్యలో మాట దొరకనట్టు ‘అ... అ...’ అనండి.”

ఆయన కళ్లు మూసుకుని పద్యం ఎత్తుకున్నారు. రెండో పాదంలో “అ... అ...” అన్నారు. ఆ రెండు అకారాల మీదా అలవోకగా ‘అలలు, అలకలు, అలసటలు’ వచ్చి వరసగా వాలాయి. వింటున్న ఇందుశేఖరం తెలియకుండానే ఆహా అన్నాడు.

“మీరు ఊరుకోండి,” అన్నది సౌగంధి. “తాతయ్యా, పోనీ దగ్గండి.”

ఆయన దగ్గారు. దగ్గు సరిగ్గా యతిస్థానంలో పడింది.

“పోనీ మరచిపోండి.”

“ఏం మరచిపోను?”

“ఏదో ఒకటి.”

“ఏదో ఒకటి మరచిపోవాలంటే అది ఏదో గుర్తుండాలి గదమ్మా,” అన్నారాయన దిగులుగా.

మల్లెమొగ్గలు మూరలు కట్టేంతసేపు సాధన సాగింది. తడబడిన కొద్దీ పద్యం తళతళలాడింది. చివరకు గరుడాచలం గారే తేల్చారు. “తప్పుడు మాట నా నోట రాదు. అది నా చేతిలో లేదు. కాని మాట రాకుండా ఆగగలను. ధారణలో ఒకచోట ఆగుతాను. ఆ ఆగటాన్నే తడబాటుగా రాసుకోండి అల్లుడుగారూ. సరేనా?”

ఇందుశేఖరానికి ప్రాణం లేచివచ్చింది. “మహాభాగ్యం తాతగారూ. మీరు ఆగండి చాలు. జెండా నేనెత్తుతాను.”

*

కొబ్బరి వర్తకుల కల్యాణమండపం కిటకిటలాడింది. వేదిక మీద అవధాని, ఆయన చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఏడుగురు పద్యాలడుగుతారు. ఎనిమిదో అతని పని పద్యం అడగడం కాదు, పద్యం సాగనివ్వకపోవడం. అడ్డగోలు ప్రశ్నలతో అవధాని ధ్యాస చెదరగొట్టడం. దాన్నే అప్రస్తుతప్రసంగం అంటారు. ఆ పీఠం కొబ్బరికాయల వ్యాపారి దొరబాబుది. అడిగిన పద్యాలన్నీ పాదం పాదంగా అల్లి, చిట్టచివర అన్నింటినీ జ్ఞాపకం నుంచి ఒక్క ఊపున అప్పగించడమే ధారణ. ముందువరసలో, ఒళ్లో జెండాతో, నవవరుడి కంటే బిగుసుకుని ఇందుశేఖరం కూర్చున్నాడు. రెండు వరుసల వెనుక నుంచి సౌగంధి చూపు అతని వీపుకు గుచ్చుకుంటూనే ఉంది.

వర్ణన అడిగే పృచ్ఛకుడు సీతాస్వయంవరాన్ని తేటగీతిలో చెప్పమన్నాడు. అవధాని మొదటి పాదం ఎత్తుకోబోగానే దొరబాబు గొంతు సవరించుకున్నాడు.

“అవధానిగారూ, ఒక ధర్మసందేహమండి. మా దొడ్లో చెట్టొకటి కాయలన్నీ ఒకే సైజులో కాస్తోందండి. పర్యవేక్షకులుగారు దాన్ని యంత్రమని పట్టుకుపోతారేమోనని బెంగండి.”

“ఒలిచి చూడు దొరబాబూ. లోపల నీళ్లుంటే చెట్టు, తీగలుంటే మీ బావమరిది కరెంటు సామాన్ల కొట్టు,” అని, ఆ వెంటనే పాదం అందుకున్నారు:

“మిథిల వీధుల తోరణాల్ మెరయుచుండ”

సభ చప్పట్లు చరిచింది. అలా ఒక్కొక్క పృచ్ఛకుడికి ఒక్కొక్క పాదం చొప్పున అవధానం పాలపిట్టలా సాగింది. వర్ణన వంతు మళ్లీ వచ్చినప్పుడు,

“జనకుడానంద బాష్పాల జలకమాడ”

అన్నారు. ఇందుశేఖరం పెదవులు కదిలాయి. ఒళ్లో జెండా ఉన్న సంగతి కాస్త పలచబడింది.

దొరబాబు ఈసారి అతని మీదికే గురిపెట్టాడు. “ఆయ్, మీ మనవడల్లుడుగారు ఎర్రజెండా పట్టుకు కూర్చున్నారండి. బండి ఆపటానికంటారా, పంపటానికంటారా?”

“నాది నాలుగు పెట్టెల బండి నాయనా. గార్డుగారికి మూడు పెట్టెల దాకానే అలవాటు. చూద్దాం, ఆయనా ఎక్కుతారేమో.”

సౌగంధి ముఖం కొంగుతో కప్పుకుంది. నవ్వుతో మండపం ఊగింది. ఇందుశేఖరం చెవులు జెండా రంగుకు తిరిగాయి. ఆ నవ్వు చల్లారకముందే మూడో పాదం, మరికొన్ని చమత్కారాల తరువాత నాలుగో పాదం వచ్చి, పెండ్లిపల్లకీ ఇంటి ముందు దిగినట్టు దిగాయి:

“విల్లు విరిగిన సవ్వడి వినుచు నవ్వి
రమణి వరమాల వేసెను రాఘవునకు”

నాలుగో పాదం అంటే ఇలా రావాలి, అనుకున్నాడు ఇందుశేఖరం. పొదలోంచి కుందేలు తనంత తాను నడిచివచ్చి ఒళ్లో కూర్చున్నట్టు. అతనికి కళ్లు చెమర్చాయి. తానొక ఉద్యోగి అన్న సంగతి ఆ క్షణాన పూర్తిగా మరచిపోయాడు.

ధారణ మొదలైంది. అవధాని ఒక్కొక్క పద్యాన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పగించసాగారు. ఒకటి అయింది, మరొకటి అయింది. తడబాటు లేదు. సౌగంధి దగ్గింది. ఆయన విన్నారు. చివరకు స్వయంవరం పద్యం ఎత్తుకున్నారు. మిథిల వీధులు వచ్చాయి, జనకుడు వచ్చాడు, విల్లు విరిగింది.

“రమణి వరమాల వేసెను...” అని, అన్న మాట ప్రకారం గరుడాచలం గారు ఆగిపోయారు.

మండపం నిశ్శబ్దమైంది. పైన తిరిగే ఫంకాలు కూడా చెవి ఒగ్గినట్టున్నాయి. జానకి చేతులెత్తి, పూలమాల పట్టుకుని, నిలబడిపోయింది. ఎదుట రాముడు తల వంచి ఉన్నాడు. మాల పడలేదు. దొరబాబు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. జెండా ఎత్తవలసిన ముహూర్తం అదే. సౌగంధి వెనుక నుంచి, “ఏవండీ,” అని గుసగుసగా హెచ్చరించింది.

ఇందుశేఖరానికి జెండా గుర్తు లేదు. అతనికి కనిపిస్తున్నది ఆ మాల ఒక్కటే. గాలిలో ఉన్న మాలను, ఆగిన పాదాన్ని అతని ప్రాణం ఓర్చుకోలేకపోయింది. పెట్టెడు మూడు పాదాల పద్యాలూ ఒక్కసారిగా లోపలి నుంచి తోసినట్టయింది. కుర్చీ వెనక్కి పడేలా లేచి, కంఠమెత్తి, మండపమంతా మారుమ్రోగేలా అందించాడు:

“లక్ష్మణునకు”

అంతే, కల్యాణమండపం పేలిపోయింది. పృచ్ఛకులు ఒకరి మీద ఒకరు వాలి నవ్వారు. పెద్దాయనలు ఉత్తరీయాలతో కళ్లు తుడుచుకున్నారు. వెనుక వరుసలో ఎవరో, “పాపం ఊర్మిళ,” అన్నారు; దాంతో మళ్లీ మొదలైంది.

గరుడాచలం గారు చెయ్యెత్తి సభను నిదానింపజేశారు. “యతి సంగతి పండితులు తేల్చుకుంటారు గాని, గణాలు సరిగ్గా సరిపోయాయి నాయనా,” అన్నారు ఆప్యాయంగా. “కాపురమే మారిపోయింది.”

ఇందుశేఖరానికి జరిగినది నెమ్మదిగా తెలిసివచ్చింది. సభ జరుగుతూ ఉంది. సభలో తడబాటు సంభవించింది. ఎవరిదన్నది ఉత్తర్వులో లేదు. లేకుండా రాసుకున్నది తన చెయ్యే. కర్తవ్యనిష్ఠ గల ఉద్యోగి గనుక, వంగి జెండా తీసుకుని, తన తప్పుకు తానే ఎత్తాడు.

గరుడాచలం గారు నవ్వి, సీతమ్మ చేతిలోని మాలను రాఘవునికే వేయించి, ధారణ ముగించారు. ముద్ర పడింది. ఆయన మానవుడని ప్రభుత్వం అంగీకరించింది.

ఆ రోజు జెండా గుమ్మం లోపలికి వచ్చింది. సౌగంధి దాన్ని మడతపెట్టి పెట్టెలో దాచింది.

*

నివేదిక చదివి నిరంజనమూర్తి గారు చాలాసేపు కళ్లజోడు తుడిచారు. “తడబాటు సంభవించినది. జెండా లేచినది. నియమభంగము కానరాదు,” అన్నారు. మరికొంతసేపు తుడిచాక ఆయన ముఖం వికసించింది. “పైగా ఇందులో మహత్తరమైన సౌలభ్యమున్నది. కళాకారులు తడబడనక్కరలేదు. మండలియే తన తడబాటును సరఫరా చేయగలదు.”

అలా ఇందుశేఖరం రాష్ట్రపు తొలి అధికారిక తడబాటుదారు అయ్యాడు. హరికథ అయినా, కచేరీ అయినా, పద్యనాటకమైనా అతను ముందువరసలో కూర్చునేవాడు. కళాకారుడు ఒకచోట మర్యాదగా ఆగేవాడు. ఇందుశేఖరం లేచి ఒక తప్పు అందించి, జెండా ఎత్తి, కూర్చునేవాడు. హరిశ్చంద్రుడి చేత అబద్ధమాడించాడు. కర్ణుడి చేత కుండలాలకు బేరమాడించాడు. ఒకచోట త్యాగానికి సిద్ధపడ్డ శిబిచక్రవర్తి పావురాన్నే డేగకు ఇచ్చేశాడు. జనం అతని వంతు కోసం ఎదురుచూసేవారు. కొన్ని ఊళ్లలో కళాకారుడి కంటే పెద్ద అక్షరాలతో అతని పేరు వేశారు. నాట్యకత్తెలు పళ్లెం దిగకుండా ఆడారు. క్యాలెండరు దేవతలకు అయిదో వేలు తిరిగి వచ్చింది. చిత్రకారుల తరఫున ఇందుశేఖరం విడిగా ఒక కాగితం మీద ఏనుగును గీసి ఇచ్చేవాడు. దాన్ని చూసి ఎవరూ శంకించేవారు కారు.

కాని పాపం, ఊరూరా తిరిగి, మంచి పద్యాలు చెవినిండా విని, విని, విని, మనిషి ఎన్నాళ్లని చెడిపోకుండా ఉంటాడు.

కాకినాడలో ఒక యువకవయిత్రి గోదావరి మీద పద్యం చదువుతూ, ఒప్పందం ప్రకారం నాలుగో పాదం ముందు ఆగింది. ఇందుశేఖరం లేచాడు. తప్పు అందించాలని నోరు తెరిచాడు. నోటి నుంచి పాదం వచ్చింది. నిండుగా, నిర్దోషంగా, నది సముద్రంలో కలిసినంత సహజంగా వచ్చింది. ఆ అమ్మాయి తన కాగితం వంక చూసుకుని, అతని పాదమే బాగున్నదన్నట్టు తలవంచి నమస్కరించింది. సభలో నవ్వు లేదు. జెండా ఎత్తడానికి కారణమూ లేదు.

వారం తిరగకుండా మండలి నుంచి తాఖీదు వచ్చింది. సౌగంధి తీసుకుని, వాకిట్లో నిలబడే పైకి చదివింది.

“‘తాము సభయందు దోషరహితముగా నాలుగవ పాదమును పూరించినట్లు మండలి దృష్టికి వచ్చినది. ఇట్టి ప్రావీణ్యము మానవమాత్రునికి అసంభవము. కావున తమను యంత్రముగా ఏల ప్రకటించరాదో సంజాయిషీ ఇవ్వవలెను.’” ఆమె కాగితం తిరగేసి చూసింది. “మీ పేరు ఇంద్రశేఖరం అని కొట్టారండీ. ఆ డైరెక్టరుగారు మట్టుకు మనిషే. ఇప్పుడేమంటారు, ఉద్యోగం పోయేట్టుంది.”

ఇందుశేఖరం కాగితం చేతిలోకి తీసుకుని, ‘మానవమాత్రునికి అసంభవము’ అన్న మాట దగ్గర వేలు పెట్టి, పెదవులు కదుపుతూ మళ్లీ చదువుకున్నాడు. ఇంకొకసారి చదువుకున్నాడు. తాను పూర్తి చేసిన మొదటి పద్యానికి అచ్చులో వచ్చిన మొదటి ప్రశంస అది.

“సౌగంధీ,” అన్నాడు చివరకు, “దీనికి అద్దం కట్టించాలి. మేకు ఎక్కడుంది?”